పై అంతస్తు గదికి పంపు

ఐర్లండ్‌లో, వాటర్‌ఫోర్డ్‌లోని తెలుగువాళ్ళు కొండల్ రావును అడగకుండా రైస్ కుక్కర్ కూడా కొనరు. కొన్నవాళ్ళు లేకపోలేదు. ఆయన వాళ్ళింటికి భోజనానికి వెళ్ళినప్పుడు ఆ కుక్కర్ వంక ఒక్క చూపు చూసి, "ఇది తీస్కున్నరా? ఊఁ... నడుస్తది," అంటాడు. ఆ 'నడుస్తది' విన్నాక ఆ ఇంటి ఇల్లాలికి ఆ పూట అన్నం సహించదు. ఎందుకొచ్చిన గొడవని అందరూ ముందే అడుగుతారు. కారు, టీవీ, పిల్లల సైకిలు, పచ్చడి జాడీ, ఏదైనా సరే. అడిగిన ప్రతివాడికీ ఆయన జవాబు "డిపెండ్స్" అనే మొదలవుతుంది. ఎప్పుడు ముగుస్తుందో ఆ దేవుడికే తెలియాలి.

మరి తన సొంతానికి? అబ్బో, అది ఇంకా బాగుంటుంది. ఇల్లు కొన్న కొత్తలో గడ్డి కోసే మిషన్ ఎంచడం మొదలుపెట్టాడు. ఆయన ఎంచుతుండగా గడ్డి మోకాళ్ళ దాకా వచ్చింది. పక్కింటి ముసలాయన చూసి చూసి, వీధి పరువు పోతోందని తన మిషన్ తెచ్చి కోసి పెట్టాడు. కొండల్ రావు కిటికీలోంచి చూస్తూ ఆయనకు థాంక్స్ చెప్పలేదు. ఆ మిషన్ బ్లేడు సైజు ఎంతో అడిగాడు.

ఉద్యోగం డబ్లిన్ డాక్‌ల్యాండ్స్‌లో, పెద్ద కంపెనీలో సొల్యూషన్ ఆర్కిటెక్ట్. "అంటే ఏం జేస్తరు అల్లుడుగారూ?" అని అత్తగారు లక్ష్మీకాంతం ఒకసారి అడిగింది. "డబ్బాలు గీసి, బాణాలు పెడ్త అత్తమ్మా," అన్నాడు. "మరి పని ఎవరు జేస్తరు?" అంటే, "అది వేరే టీమ్," అన్నాడు.

కరోనా రాకముందు ఆయన రైలెక్కి, హ్యూస్టన్ స్టేషన్లో లువాస్ ట్రాముకు మారి ఆఫీసుకు వెళ్ళేవాడు కాబట్టి ఇంటికి కాస్త ఊపిరాడేది. లాక్‌డౌన్ పెట్టాక మనిషి చిన్న బెడ్‌రూమ్‌లో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని స్థిరపడిపోయాడు. ఇంట్లో ఉప్పు డబ్బా ఏ ప్రెస్‌లో ఉండాలన్నది కూడా పరిశీలనకు వచ్చింది. ఇక్కడ అలమరను ప్రెస్ అంటారు లెండి. భార్య మధులిక ఇవేవీ పట్టించుకునే స్థితిలో లేదు. ఆమె ఊళ్ళోని పెద్ద హాస్పిటల్ ల్యాబ్‌లో పనిచేస్తుంది. ఆ జనవరిలో ల్యాబ్‌కు వచ్చే స్వాబ్‌లు చూసి చూసి, ఇంటికొచ్చాక మాట్లాడే ఓపిక కూడా ఉండేది కాదు.

లక్ష్మీకాంతం కూతురి దగ్గర ఒక ఎండాకాలం గడిపి పోదామని వచ్చిన మనిషి. విమానాలు ఆగిపోయాయి. ఎండాకాలం పోయింది, వాన ఎలాగూ పోదు, ఇప్పుడు నడి చలికాలంలో పై అంతస్తు గదిలో మంకీ క్యాప్‌తో, రెండు శాలువాలతో కూర్చుంది. ఆవిడకు ఊపిరితిత్తుల జబ్బు పాతదే. క్రిస్మస్ ముందు ఛాతీ పట్టేస్తే జీపీ, అంటే పేట డాక్టరు, ఫోన్లోనే మందులు రాసి, గట్టిగా ఒక మాట చెప్పాడు. "ఆవిడ గది వెచ్చగా ఉండాలి. చలి తగిలిందంటే మళ్ళీ హాస్పిటలే. ఈ రోజుల్లో ఆ గడప తొక్కకుండా చూసుకోండి." ఆ గడప లోపల ఏముందో మధులికకు రోజూ తెలుస్తూనే ఉంది. తల్లిని అక్కడికి పోనివ్వకూడదు. ఆ చలికాలం ఆమెకున్న కోరికంతా అదొక్కటే.

సరిగ్గా అప్పుడు పంపు పోయింది.

పెరట్లో కిరసనాయిలు బాయిలర్ మండుతూనే ఉంది, గదుల్లో రేడియేటర్లు మాత్రం శవాల్లా చల్లబడ్డాయి. బాయిలర్‌లో కాగిన వేడినీళ్ళను పైపుల్లోంచి ఇల్లంతా తిప్పే పంపు ఒకటుంటుంది. వీళ్ళింట్లో అది పైన హాట్ ప్రెస్‌లో, అంటే వేడినీళ్ళ సిలిండర్ ఉండే అలమరలో, మడతపెట్టిన దుప్పట్ల వెనకాల ఉంది. కాసేపు మూలిగింది, కాసేపు దగ్గింది, ఆగిపోయింది. మధులిక డ్యూటీకి పోతూ పోతూ ఫోన్ చేసి ప్లంబర్‌ను పిలిచింది. తనతో పనిచేసే ఖైరున్నీసా ఇచ్చిన నంబరు అది.

"ఆయన పదింటికి వస్తడు. ఏం ఏస్తనంటే అది ఏయించు. అమ్మ గది చల్లబడుతుంది," అని చెప్పి వెళ్ళింది.

ప్లంబర్ పేరు డెక్లాన్. మాస్కు పెట్టుకుని వచ్చాడు. గాలి ఆడాలని రేడియోలో చెప్పారు కదా అని కొండల్ రావు ఇంట్లో కిటికీలన్నీ బార్లా తెరిచాడు, అత్తగారి గదిది కూడా. డెక్లాన్ పంపును పానాతో రెండు దెబ్బలు కొట్టి, చెవి పెట్టి విని, "పోయింది. వ్యాన్లో ఒకటుంది, గంటలో వేసేస్తా. గ్రాండ్‌గా ఉంటుంది," అన్నాడు.

"ఏ పంపు?"

"మామూలుదే. ఈ పేటలో అందరిళ్ళల్లో ఉండేదే."

అయ్యో, అనరాని మాట అనేశాడు పాపం! అందరిళ్ళల్లో ఉండేది కొండల్ రావు ఇంట్లోనా? పైగా వ్యాన్లో ఏది దొరికితే అదా? బిడ్డకు సంబంధం చూడమంటే బస్సులో పక్క సీటు వాణ్ణి తెచ్చినట్టనిపించింది ఆయనకు. పంపు కంపాటిబుల్‌గా ఉండాలి కదా, దాని హెడ్ ఎంత, ఫ్లో ఎంత, కరెంటు ఎంత తాగుతుంది అని వరసగా అడిగాడు. డెక్లాన్ గడ్డం గోక్కుని, "తిరుగుతుంది," అన్నాడు.

"నేను చూసి ఎంచుతాను. ఎంచాక పిలుస్తాను," అన్నాడు కొండల్ రావు మర్యాదగా.

"నీ ఇల్లు, నీ ఇష్టం," అని డెక్లాన్ వెళ్ళిపోయాడు. కిటికీలు మూసేసరికి ఇంట్లో మిగిలిన కాస్త వేడీ అతనితోపాటే పోయింది.

మధ్యాహ్నం మధులిక ఫోన్ చేసింది. "వచ్చిండా? ఏసిండా?"

"రిక్వైర్‌మెంట్స్ చూస్తున్న."

"పంపుకా?" అన్నది ఆమె.

ఆ సాయంత్రం ఆమె ఖైరున్నీసా ఇంటి నుంచి ఒక ఫ్యాన్ హీటర్ అరువు తెచ్చి తల్లి గదిలో పెట్టింది. అది ఒక మోకాలిని కాల్చి, రెండో మోకాలిని వదిలేసే రకం. ఆ ఎండుగాలికి ముసలావిడ దగ్గు ఇంకాస్త పెరిగింది.

కొండల్ రావు మాత్రం పంపుల చదువులో మునిగిపోయాడు. వీడియోలు చూశాడు, జర్మనీ వాళ్ళ పుస్తకాలు దింపుకున్నాడు, ఆఫీసు మీటింగులో కెమెరా ఆపేసి పంపు బొమ్మలు గీశాడు. ఎంత చదివినా ఆయన కళ్ళ ముందు ఆడేది ఒక్కటే, కరీంనగర్ దిక్కు తన నాయన బోరు మీది మోటారు. అక్కడ మోటారు హెచ్‌పీ అంటే మగవాడి మీసం. మూడు హెచ్‌పీ వాడు ఐదు హెచ్‌పీ వాణ్ణి చూసి పక్కకు తప్పుకుంటాడు. కొత్త మోటారు వేసిన రోజు ఊరంతా చుట్టూ చేరి, మొదటి నీళ్ళు ఎంత దూరం చిమ్ముతాయో చూసి, దోసిళ్ళు పట్టి కళ్ళకద్దుకుంటారు. పైపులోంచి నీళ్ళు నాలుగడుగుల అవతల పడితేనే మోటారు, లేకుంటే ఇనుప ముక్క.

మనం ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. ఇళ్ళను వేడిచేసే ఈ పంపుకు నీళ్ళు ఎక్కించే పనే లేదు. పైపుల్లో, రేడియేటర్లలో పై అంతస్తు దాకా నీళ్ళు ముందే నిండి ఉంటాయి. అవి గుండ్రంగా తిరిగితే చాలు, రంగులరాట్నంలా కాస్త తోస్తే సరిపోతుంది. అందుకే పంపు చిన్నది. కొండల్ రావు చదివిన పుస్తకాల్లో ఈ ముక్క మొదటి పేజీలోనే ఉంది. మొదటి పేజీలు సామాన్యుల కోసమని ఆయన చదవలేదు.

"అత్తమ్మ గది పైన ఉన్నది. నీళ్ళు పైకి ఎక్కాలె. గా గది వెచ్చగుండాల్నంటే ఫోర్స్ కావాలె," అని తేల్చాడు. పాపం, ఆవిడ మీద ప్రేమ లేక కాదు. ఉన్నందుకే ఇంత పెద్ద పంపు!

అయినా ఒక్కడే తేలిస్తే ఎలా? ఆ వారాంతం జూమ్‌లో సమావేశం పెట్టాడు. ఐదు కిలోమీటర్లు దాటి ఎవరూ కదలకూడని రోజులు. గడప దాటలేని తెలుగువాళ్ళంతా పంపు అనగానే పెళ్ళికొచ్చినట్టు వచ్చారు. ఒకాయన ఇండియా నుంచి తెప్పించమన్నాడు. ఒకాయన హాట్ ప్రెస్ ఏ మూల ఉందో అడిగి, అగ్నిమూల కాకపోతే ఏ పంపూ నిలవదన్నాడు. స్లైగో నుంచి బుచ్చిబాబు, "పెద్దదే వేద్దామండీ అన్నయ్యా! మీరు ఏది వేస్తే మేమూ అదే," అన్నాడు. అతనికి పంపు పాడవలేదు. ముందుజాగ్రత్తకు వచ్చాడంతే.

లక్ష్మీకాంతం మెట్ల మీద గోడ పట్టుకుని నిలబడి ఆ కేకలు వింది.

"అల్లుడుగారూ, ఆ వచ్చినాయన దగ్గర ఒకటి ఉండె గదా?"

"అది చిన్నది అత్తమ్మా. మీకు సరిపోదు."

"నేనే ఇంత ఉన్న, నాకెంత పెద్దది గావాలె?" అని దగ్గుకుంటూ పైకి పోయింది.

మధులిక రోజూ డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, తిన్నగా తల్లి గదికి వెళ్ళేది. వేలికి ఆక్సిమీటర్ పెట్టి అంకె చూసేది. ఆ అంకె రోజుకింత దిగుతోంది. ఒకరోజు భర్త ఎదురుగా వచ్చి నిలబడింది. "ఊర్ల హార్డ్‌వేర్ షాపు తెరిచే ఉన్నది. పంపులున్నయి. నేను పోయి తెస్త."

"ఆ షాపుల ఉన్నవి చూసిన. పిల్లల బొమ్మల లెక్క ఉన్నయి. ఇంగ్లండ్ నుంచి ఆర్డర్ పెట్టేసిన మధూ, మంచిది. రేపు పొద్దునకే వస్తది."

రాలేదు. బ్రిటన్ అప్పుడే యూరప్‌తో తెగదెంపులు చేసుకుని, పెట్టెలన్నీ కస్టమ్స్‌లో చిక్కుపడ్డ జనవరి అది. పంపు రేవులో కూర్చుంది. అది ఎక్కడుందో ఆయన పూటకోసారి ఫోన్లో చూసి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు, గ్రూపంతా దండాలు పెట్టేది. పైన ముసలావిడ కాళ్ళకు మూడు జతల మేజోళ్ళు వేసుకుని, ఇండియాలో ఉన్న మనవరాళ్ళ పెళ్ళిళ్ళు చూడకుండానే పోతానేమోనని దేవుడికి విడిగా దండం పెట్టుకునేది.

ఎట్టకేలకు వచ్చింది. పెట్టె విప్పితే ఇనుప గుమ్మడికాయలా ఉంది. పిలిస్తే వచ్చిన డెక్లాన్ దాన్ని చూసి మాస్కు వెనక ఈల వేశాడు.

"స్కూళ్ళకూ హోటళ్ళకూ వేసేది కదా ఇది?"

"పై అంతస్తు దాకా వెళ్ళాలి," అన్నాడు కొండల్ రావు.

"చంద్రుడి దాకా పోతుంది," అన్నాడు డెక్లాన్. పాత పంపు ఉన్న జాగాలో అది పట్టలేదు. రెండు పక్కలా పైపు కోయాలన్నాడు. కోసెయ్ అన్నాడు ఇంటాయన. నీ ఇల్లు, నీ ఇష్టం అనుకుంటూ డెక్లాన్ కోసేశాడు. వద్దనడానికి అతనేమీ చుట్టం కాదు, కోసినందుకూ అతికినందుకూ కూలి వచ్చేవాడు. బిగించడం అయ్యాక లక్ష్మీకాంతం ఆయాసపడుతూ వచ్చి పంపుకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. కొత్త మోటారుకు ఆపాటి మర్యాద చేయకపోతే ఎలా? డెక్లాన్ అదేదో ఆశీర్వాదమని గ్రహించి, టోపీ తీసి నిలబడ్డాడు.

స్విచ్ వేశారు. ఇల్లు ఒక్కసారి ఉలిక్కిపడింది. పైపులు గోడల్లోపల గజగజలాడాయి. హాట్ ప్రెస్‌లో దుప్పట్లు కింద పడ్డాయి. నెత్తిమీద అటకలోంచి దబదబమని చప్పుడు. కొండల్ రావు నిచ్చెనెక్కి అటకలో తల పెట్టి చూశాడు. అక్కడ ఈ పైపులకు నీరందించే చిన్న తొట్టి ఉంటుంది, ఆవిరి పోవడానికి దానిమీదికి వంచిన గొట్టం ఒకటుంటుంది. ఆ గొట్టంలోంచి వేడినీళ్ళు ధారగా తొట్టిలోకి దూకుతున్నాయి.

ఎవరైనా అయితే భయపడేవారు. ఆయన ముఖం వెలిగిపోయింది. "అటక దాకా ఎక్కినయి! చూడుండ్రి ఫోర్స్!" అని అరిచి, దోసిలి పట్టి ఆ నీళ్ళు కళ్ళకద్దుకోబోయి, చేతులు కాలి, ఊదుకుంటూనే వీడియో తీశాడు. గ్రూపులో పెట్టిన క్షణంలో చప్పట్లు, దండాలు. "అన్నయ్యా, అదిరింది! ఆర్డర్ పెట్టేస్తున్నా," అన్నాడు స్లైగో బుచ్చిబాబు. డెక్లాన్ అప్పటికే సామాన్లు సర్దుకుని పోయాడు. కొండల్ రావు గర్వంగా నిచ్చెన దిగి మీటింగులో కూర్చుని హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

ఆ నీళ్ళన్నీ అటకకు ఎక్కిపోతుంటే గదులకు ఏం మిగులుతుంది? రేడియేటర్లలో గాలి చేరి గుడగుడమన్నాయి తప్ప వెచ్చబడలేదు. అటకలో ఆవిరి కమ్మి, కప్పు చెమర్చి, లక్ష్మీకాంతం గదిలో మంచం మీద చుక్క చుక్కగా కురవడం మొదలైంది. ఆవిడ మంచం ఒక పక్కకు జరుపుకుంది. చుక్క కూడా జరిగింది. అల్లుణ్ణి పిలిచింది; హెడ్‌ఫోన్లలోంచి ఆయనకు వినపడలేదు. చాలా పరిశీలించి కొన్న హెడ్‌ఫోన్లు మరి, ఏ చప్పుడూ లోపలికి రానివ్వవు.

మధులిక మధ్యాహ్నం వచ్చేసరికి తల్లి తడిసిన శాలువాతో మెట్ల మీద కూర్చుని ఉంది. పెదవులు నల్లబడ్డాయి. ఊపిరికి ఊపిరికి మధ్య పిల్లికూత. మధులిక బూట్లు కూడా విప్పకుండా ఆక్సిమీటర్ పెట్టి చూసి, అక్కడే జీపీకి ఫోన్ చేసింది. జీపీ అంకె విని, "గంటలో వెచ్చటి గది చూపిస్తావా, అంబులెన్స్ పంపమంటావా?" అన్నాడు. హాస్పిటల్లో మంచం దొరకడం కూడా కష్టమేనన్నాడు.

ఆమె చిన్న బెడ్‌రూమ్ తలుపు తోసింది. "ఇల్లు చల్లగనే ఉన్నది. అమ్మకు ఊపిరాడ్తలేదు. అంబులెన్స్ అంటున్నరు."

కొండల్ రావు గాభరాగా లేచాడు. ఆయన ముఖం పాలిపోయింది, అదేం నటన కాదు. కానీ నోరు తెరిస్తే అలవాటైన మాటే వచ్చింది. "ఆగు, ఆగు. కస్టమర్ కేర్‌తోటి చాట్ చేస్త. స్పీడ్ సెట్టింగ్ ఏది పెట్టాల్నో చూడాలె. అంబులెన్సా, కారా అంటే... డిపెండ్స్..."

మధులిక ఆ మాట పూర్తిగా వినలేదు. కిందికి పోయి పొయ్యి మీద రెండు గిన్నెల నీళ్ళు పెట్టి, ఓవెన్ వెలిగించి తలుపు తెరిచి, దాని ముందు తల్లిని కూర్చోబెట్టి దుప్పటి చుట్టి, ఇన్‌హేలర్ పట్టింది. ఒక చేత్తో వీపు నిమురుతూ రెండో చేత్తో డెక్లాన్‌కు ఫోన్ చేసింది. "వ్యాన్లో ఏది ఉంటే అది తీసుకుని రా. ఇప్పుడే రా," అన్నది.

వచ్చాడు. ఇనుప గుమ్మడికాయను పీకి, తను కోసిన పైపుకు తనే ముక్కలు అతికించి, మామూలు చిన్న పంపు బిగించాడు. రేడియేటర్లలో గాలి తీశాడు. పైపులు చప్పుడు చేయకుండా వేడెక్కాయి. కింది గదిలో సోఫా మీద తల్లికి పక్క వేసింది మధులిక. రేడియేటర్ పక్కనే కూర్చుని, వేలి మీది అంకెనే చూస్తూ ఉంది. అది ఒకటి పెరిగింది. కాసేపటికి ఇంకొకటి. జీపీకి మళ్ళీ ఫోన్ చేసి, అంబులెన్స్ వద్దని చెప్పి, అప్పుడు మొదటిసారి ఏడ్చింది.

ఇదంతా జరుగుతుండగా కొండల్ రావు పైన కస్టమర్ కేర్‌తో చాటింగులోనే ఉన్నాడు. అవతలి మనిషి చాలా ఓపిక ఉన్నవాడు. స్పీడు సెట్టింగు 'ఒకటి' మీద పెడితే చాలని ఇద్దరూ కలిసి తేల్చేసరికి కిటికీ బయట చీకటి పడింది. ఆయన విజయగర్వంతో మెట్లు దిగి వచ్చాడు. సగం మెట్లు దిగాక గమనించాడు, ఇల్లు వెచ్చగా ఉంది. అత్తగారు నిద్రపోతోంది, పిల్లికూత లేదు.

"అయ్యిందా?" అన్నాడు.

"అయ్యింది."

హాట్ ప్రెస్ దగ్గరికి పోయి చూసి వచ్చాడు. దుప్పట్ల వెనకాల ఆ మామూలు చిన్న పంపు తిరుగుతోంది. ఆయనకు అత్తగారు బతికిందని సంతోషమే, దేవుడి మీద ఒట్టు. అయినా లోపల ఎక్కడో కలుక్కుమంది. ఇంత చదివాడు, ఇంత వెతికాడు, ఊరు ఊరంతా తనను అడిగి చేస్తుంది.

"ఇంట్లనే ఉన్న గదా మధూ. నన్ను ఒక్క మాట అడగకపోతివి," అన్నాడు చిన్నగా.

మధులిక తల్లి మీద దుప్పటి సరిచేసింది.

"అడిగితే చెప్తవు గదా," అన్నది.

కోపంగా అని ఉంటే ఆయన ఏదో ఒకటి జవాబు చెప్పుకునేవాడు. ఆమె మామూలుగానే అన్నది, అమ్మకు నిద్ర చెడుతుందని గొంతు తగ్గించి మరీ అన్నది.